రాలుచుక్క, తోకచుక్క, గ్రహశకలము

డిసెంబరు నెల నడిమి రోజులు. ధనుర్మాసము రెండు మూడు దినములున్నదనగా, కళ్ళములో కుప్పలకు కావలి పండుకొన్న రైతు కంటికి ఆకాశమున ఒక వెలుగుగీత తటాలున మెరసి మాయమగును. కొంతసేపటికి మరియొకటి. అర్ధరాత్రి దాటునప్పటికి అవి పదులకొలది లెక్కకు వచ్చును. "చుక్క రాలింది" అని ఇంటి పెద్దలందురు. మరునాడు బడిలో పిల్లవాడు ఉపాధ్యాయుని అడుగును: "రాత్రి రాలింది తోకచుక్కేనాండీ? పుస్తకంలో గ్రహశకలం అని ఉంది, అది కూడా ఇదేనాండీ?" మూడును వేరని చెప్పుట సులభము. ఎట్లు వేరన్న రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే కష్టము.

ఈ మూడు పేర్లలోను మూడు పొరపాట్లు దాగియున్నవి. రాలుచుక్క చుక్క కాదు. తోకచుక్కయు చుక్క కాదు. దానికి ఎల్లవేళల తోక ఉండదు. ఇక గ్రహశకలమన్న మాట పగిలిపోయిన ఒక గ్రహపు ముక్క అన్న అర్థము నిచ్చును, అదియు సరికాదు. కంటికి కనబడిన తీరును బట్టియో, ఒకప్పటి ఊహను బట్టియో పెట్టిన పేర్లివి. వస్తువుల నిజమైన భేదము పేరులో దొరకదు. అవి ఏ పదార్థముతో, సూర్యునికి ఎంత దూరమున పుట్టినవో తెలిసికొన్నప్పుడే అది బోధపడును.

పూర్వుల విభజన

ఆకాశమున అరుదుగా కనబడు ఈ వింతలను మన పూర్వులు ఒకటిగా కలిపివేయలేదు. ఆరవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో కేతువుల సంచారమునకు ఒక అధ్యాయము, ఉల్కల లక్షణములకు వేరొక అధ్యాయము కలవు. రోజుల తరబడి కనబడి మెల్లగా జరుగునది కేతువు. క్షణములో మెరసి పోవునది ఉల్క. కంటితో చేయగల విభజనలో ఇంతకంటె సరియైనది లేదు. వాని ఫలములను గూర్చి నాడు చెప్పినవి నేడు నిలువకపోయినను, రెండింటిని వేరుచేసిన పరిశీలన మాత్రము నిలిచియున్నది.

మూడవదియగు గ్రహశకలము పూర్వులకు తెలియదు. దూరదర్శిని లేనిదే అవి దాదాపు ఏవియు కనబడవు. కావున వాని కథ 19వ శతాబ్దముతోనే మొదలగును.

గ్రహశకలములు

కుజునికి, గురునికి మధ్య ఎడము మిక్కిలి ఎక్కువ. అచ్చట ఒక గ్రహముండవలెనని 18వ శతాబ్దపు ఖగోళజ్ఞులు వెదకుచుండిరి. 1801 జనవరి 1వ తేదీ రాత్రి సిసిలీ ద్వీపమందలి పలెర్మో నగరమున జుసెప్పె పియాజ్జి నక్షత్రముల పట్టిక తయారుచేయుచు, నక్షత్రముల మధ్య చోటు మారుచున్న ఒక చుక్కను గమనించెను. దానికి సెరిస్ అని పేరు. కొలది వారములలో అది సూర్యుని వెలుగున మరుగుపడిపోయెను. మరల ఎచ్చట వెదకవలెను? అప్పటికి 24 సంవత్సరముల వయస్సు గల గణితవేత్త గౌస్, పియాజ్జి వ్రాసిపెట్టుకొన్న స్థానములను మాత్రము ఆధారము చేసికొని కక్ష్యను గణించెను. ఆయన చూపిన చోటనే ఆ సంవత్సరాంతమున సెరిస్ తిరిగి దొరికినది.

1802లో పల్లాస్, 1804లో జూనో, 1807లో వెస్టా బయటపడినవి. దూరదర్శినిలో గ్రహము చిన్న బిళ్ళవలె కనబడును. ఇవి మాత్రము ఎంత పెద్దదిగా చేసి చూచినను నక్షత్రములవలె చుక్కలుగానే ఉండెను. అందుచేత విలియం హెర్షెల్ 1802లో వీనికి ఆస్టరాయిడ్లు, అనగా నక్షత్రములను పోలినవి, అని పేరు పెట్టెను. ఒక పెద్ద గ్రహము పగిలి ఈ ముక్కలైనదని ఓల్బర్స్ ఊహించెను. తెలుగులోని గ్రహశకలము అను మాట ఆ ఊహనే మోయుచున్నది.

ఆసియా ఖండమునుండి మొదట కనుగొనబడిన గ్రహశకలము మద్రాసు వేధశాలలో దొరికినది. 1861 ఏప్రిలులో నార్మన్ పాగ్సన్ దానిని చూచి ఆసియా అనియే పేరు పెట్టెను. వరుసలో అది 67వది. నేటికి పది లక్షలకు పైగా గ్రహశకలములు లెక్కకు వచ్చినవి.

ఇన్ని ఉన్నను వానినన్నిటిని ఒకచోట ముద్దచేసినచో చంద్రుని ద్రవ్యరాశిలో నూటికి సుమారు మూడు పాళ్లే అగును. అంత కొద్ది పదార్థముతో పెద్ద గ్రహమేర్పడజాలదు. కావున ఓల్బర్స్ ఊహ నిలువలేదు. నేటి భావన దీనికి విరుద్ధము: అచ్చట గ్రహము పగిలిపోలేదు, గ్రహము కూడుకొననే లేదు. సౌరకుటుంబపు తొలి దినములలో చిన్న ముద్దలు ఒకదానితో నొకటి మెల్లగా కలిసినప్పుడే పెద్దవి తయారగును. పొరుగున గురుగ్రహము వేగముగా పెరిగి, తన ఆకర్షణచే వాని మార్గములను కలచివేసెను. మెల్లగా కలియవలసినవి వేగముగా ఢీకొని ముక్కలైనవి. చాలభాగము ఆ ప్రాంతమునుండియే తరిమివేయబడినది.

గురుని చేతివాటము నేటికిని కనబడుచున్నది. సూర్యునికి భూమి ఎంత దూరమో దానికి రెండున్నర రెట్లు దూరమున గ్రహశకలములు దాదాపు లేవు. అచ్చట తిరుగు వస్తువు, గురుడు ఒకసారి చుట్టివచ్చు కాలములో సరిగా మూడుసార్లు సూర్యుని చుట్టును. ఉయ్యాలను ప్రతిసారి ఒకే అదనున తోసినచో ఊపు పెరుగునట్లు, గురుని లాగుడు మరల మరల ఒకే తీరున తగిలి దాని కక్ష్య సాగిపోవును. తుదకు ఆ చోటు ఖాళీయగును. ఇట్టి ఖాళీలను 1866లో డేనియల్ కిర్క్‌వుడ్ వివరించెను. భూమి దాపునకు వచ్చు గ్రహశకలములలో పెక్కు ఈ దారినే జారివచ్చినవి.

ఇవి అన్నియు ఒకే రకము కావు. నూటికి సుమారు 75 పాళ్లు బొగ్గువలె నల్లని కర్బనజాతివి. ఇవి మేఖల వెలుపలి వైపున ఎక్కువ. లోపలి వైపున ఎక్కువగా సిలికేటు శిలలు గలవి. కొన్ని లోహమయములు. ఇనుము ఎట్లు వచ్చినది? పెద్ద ముద్దలు లోపల కరగినప్పుడు, బరువైన ఇనుము నడుమకు దిగి, తేలికయైన రాయి పైకి తేలెను. తరువాతి ఢీలలో ఆ ముద్దలు పగిలి, నడిమి ఇనుము బయటపడెను. ఇక్కడ మాత్రము శకలము అను మాటకు కొంత న్యాయము కలదు. సుమారు 525 కిలోమీటర్ల వెస్టా ఇట్లు కరగి పొరలు కట్టినదే. 2011లో డాన్ నౌక దానిని చేరి, దక్షిణ భాగమున సుమారు 500 కిలోమీటర్ల వెడల్పు గల గోయిని చిత్రించినది. ఆ నౌకయే 2015లో సెరిస్‌ను చేరినది.

తోకచుక్కలు

తోకచుక్క వాతావరణములోని ఆవిరి కాదనియు, సూర్యుని చుట్టు తిరుగు వస్తువేననియు సందేహము లేకుండ చేసినవాడు ఎడ్మండ్ హాలీ. 1531, 1607, 1682 సంవత్సరములలో కనబడినది ఒకటేయని ఆయన 1705లో గణించి, 1758లో తిరిగివచ్చునని చెప్పెను. ఆయన 1742లో మరణించెను. 1758 డిసెంబరు 25 రాత్రి జర్మనీలో డ్రెస్డెన్ దాపున పాలిట్జ్ అను రైతు తన దూరదర్శినితో దానిని మొదట చూచెను. 1910లోను, 1986లోను వచ్చిపోయిన ఆ తోకచుక్క మరల 2061లో రానున్నది. నేడు ఉన్నత పాఠశాలలో చదువుచున్న పిల్లలలో పెక్కుమంది దానిని చూడగలరు.

తోకచుక్క నడుమ ఏమున్నది? ఇసుకరేణువుల గుంపు అని చాలకాలము తలచిరి. 1950లో ఫ్రెడ్ విపుల్ అది మురికి కలిసిన మంచుగడ్డ అని ప్రతిపాదించెను. గట్టకట్టిన నీరు, బొగ్గుపులుసు వాయువు మొదలగు వానిలో దుమ్ము, రాళ్లు కలిసిన ముద్ద అది. దూరమున ఉన్నంతకాలము ఆ ముద్ద చలికి బిగిసి, చిన్న చుక్కగానైనను కనబడక తిరుగుచుండును. సూర్యుని సమీపించినకొలది మంచు కరగి నీరు కాకుండగనే నేరుగా ఆవిరియగును. బట్టలలో పెట్టిన కర్పూరపు బిళ్ళ తడి చేయకయే తరిగిపోవునట్లే ఇదియు. ఆవిరితో కూడ దుమ్మును ఎగసి చుట్టును పొగవలె కమ్ముకొనును. అదియే తోకచుక్క తల.

తోక ఒకటి కాదు, రెండు. దుమ్మురేణువులను సూర్యకాంతి వెనుకకు నెట్టును. అవి మెల్లగా వెనుకబడుచు వంపు తిరిగిన పసుపుపచ్చని తోకయగును. విద్యుదావేశము పొందిన వాయువును సూర్యునినుండి వెలువడు కణముల గాలి ఊడ్చుకొనిపోవును. అది నిటారైన నీలి తోక. రెండును సూర్యునికి ఎదురు దిక్కుననే ఉండును. తోకచుక్క సూర్యుని చుట్టివచ్చి తిరిగిపోవునప్పుడు తోక వెనుక నుండదు, ముందు నడుచును. పరుగెత్తువాని ఉత్తరీయము వెనుకకు ఎగురునట్లు తోకయు వెనుకకే ఉండునని పలువురు విద్యార్థులు భావింతురు. ఈ భ్రమను ఉపాధ్యాయులు ప్రత్యేకముగా తొలగింపదగును.

1986లో జొట్టో నౌక హాలీ తోకచుక్క తలలోనికి చొచ్చి దాని గడ్డను చిత్రించినది. అది సుమారు 15 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు గల ముద్ద. తెల్లని మంచువలె కాక, పడిన వెలుగులో నూటికి నాలుగు పాళ్లు మాత్రమే తిరుగగొట్టు నల్లని పదార్థము. 2014 నవంబరు 12న రోసెట్టా నౌక విడిచిన ఫిలే అను చిన్న యంత్రము మరియొక తోకచుక్కపై దిగెను. తోకచుక్కపై మానవుడు పంపిన యంత్రము మెల్లగా దిగుట అదియే ప్రథమము.

తోకచుక్కలు రెండు కొట్టములనుండి వచ్చును. నెప్ట్యూనునకు అవతల కైపర్ మేఖల మొదలైన ప్రాంతములనుండి వచ్చునవి పెక్కు 200 సంవత్సరములకు తక్కువ కాలములోనే తిరిగివచ్చును. వేలకొలది, లక్షలకొలది సంవత్సరములకు వచ్చునవి, సౌరకుటుంబమును నలువైపుల గుల్లవలె కప్పియున్న ఊర్ట్ మేఘమునుండి రాలినవి. ఇట్టిదొకటి, సుమారు 60,000 సంవత్సరముల ఆవర్తన కాలము గలది, 1949లో హార్వర్డులో పరిశోధన చేయుచున్న వేణు బప్పు తీసిన ఫోటోలో దొరికినది. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో ఉద్యోగి. దూరదర్శినుల నడుమ పెరిగిన ఆ యువకుని పేరు, ఆ తోకచుక్కను నిర్ధారించుటలో తోడ్పడిన బాక్, న్యూకర్క్‌ల పేర్లతో కలిసి, నేటికిని దానికి నిలిచియున్నది.

రాలుచుక్కలు, ఉల్కాశిలలు

పైరెండును సూర్యుని చుట్టు తిరుగు వస్తువులు. రాలుచుక్క అట్టి వస్తువు కాదు. అది ఒక ఘటన. అంతరిక్షమున తిరుగు రేణువు భూమి వాతావరణములో చొచ్చునప్పుడు కలుగు మెరుపే రాలుచుక్క. ఒకే రాతికి మూడు దశలలో మూడు పేర్లు కలవు. అంతరిక్షములో నున్నప్పుడు అది ఉల్కాకణము. సుమారు ఒక మీటరుకు లోబడినవానికే ఈ పేరు చెల్లును, అంతకు మించినది గ్రహశకలమనబడును. గాలిలో మండుచు మెరయునప్పుడు ఉల్క, లేక రాలుచుక్క. పూర్తిగా కాలిపోక నేలను చేరినచో ఉల్కాశిల.

సాధారణముగా కనబడు రాలుచుక్కకు కారణము ఇసుకరేణువంత కణము. అంత చిన్నది అంతగా వెలుగుటకు కారణము దాని వేగము. సెకనుకు 11 మొదలు 72 కిలోమీటర్ల వేగముతో అది వచ్చును. నేలకు సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున, దాని ముందరి గాలి అణిగి మిక్కిలి వేడెక్కును. కణము ఆవిరియై, ఆ ఆవిరియు గాలియు కలిసి వెలుగును. చుక్క పొరుగూరిలో పడినట్లు కంటికి తోచును గాని, అది నేలను చేరక మునుపే ముగిసిపోవును.

రాళ్లు ఆకాశమునుండి పడునన్న మాటను 18వ శతాబ్దపు పండితులు పలువురు నమ్మలేదు. 1794లో క్లాడ్నీ ఆ మాట నిజమేయని గ్రంథము వ్రాయగా పరిహసించిరి. 1803 ఏప్రిలు 26న ఫ్రాన్సులో లేగ్ల్ పట్టణ ప్రాంతమున సుమారు 3,000 రాళ్లు రాలినవి. బియో అను శాస్త్రజ్ఞుడు అచ్చటికి పోయి, ఊరూరును తిరిగి సాక్ష్యములు సేకరించి వివరముగా వ్రాసిన పిమ్మట సందేహము తీరెను. పల్లెవాసుల మాటను పండితులు తోసివేసి, తరువాత ఒప్పుకొనవలసివచ్చిన సందర్భములలో నిది యొకటి.

అయితే రాలుచుక్కలు ఎచ్చటనుండి వచ్చును? 1833 నవంబరులో అమెరికాలో రాత్రి ఆకాశమంతయు నిప్పులవాన కురిసినట్లు రాలుచుక్కలు కనబడినవి. అవి అన్నియు సింహరాశిలోని ఒకే చోటినుండి వెలువడినట్లు చూపరులు గుర్తించిరి. అట్టి వాన సుమారు 33 సంవత్సరముల కొకసారి పెరుగును. సరిగా అంతే కాలములో టెంపెల్–టటిల్ తోకచుక్క సూర్యుని చుట్టును. తోకచుక్క విడిచిపోయిన దుమ్ముదారిని భూమి దాటునప్పుడు రాలుచుక్కలు వానవలె కురియునని దీనివలన తేలినది. అక్టోబరులో కనబడు మృగవ్యాధ ప్రాంతపు ఉల్కలు హాలీ తోకచుక్క దుమ్మే. తోకచుక్కను చూచుటకు 2061 వరకు ఆగవలెను గాని, దాని రేణువులు ఏటేట వచ్చుచున్నవి.

నేలపై దొరకు ఉల్కాశిలల సంగతి వేరు. తోకచుక్క దుమ్ము గాలిలోనే కాలిపోవును. గట్టి రాయి మాత్రమే నేలను చేరగలదు. ఆ గట్టి రాళ్లు దాదాపు అన్నియు గ్రహశకలములనుండి వచ్చినవే. 1959 ఏప్రిలు 7న చెకొస్లొవేకియాలో ప్రిబ్రం దాపున పడిన ఉల్క మార్గమును రెండు చోట్ల కెమెరాలు చిత్రించినవి. వానినుండి గణించిన కక్ష్య గ్రహశకల మేఖలకు దారితీసెను. 2008 అక్టోబరు 6న సుమారు నాలుగు మీటర్ల వస్తువొకటి భూమివైపు వచ్చుచుండగా అరిజోనాలోని వేధశాల కనిపెట్టెను. ఒక దినము గడువకముందే అది సూడాన్ ఎడారిపై పగిలినది. ఖార్టూం విశ్వవిద్యాలయ విద్యార్థులు వరుసగా నిలిచి ఇసుకలో నడచి వందలకొలది ముక్కలు ఏరిరి. ఆకాశమున చూచిన గ్రహశకలమును చేతిలోనికి తీసికొనుట అదియే మొదటిసారి.

హిమరేఖ

ఒకటి రాయి, రెండవది మంచు అగుట ఏల? పాఠశాల ఆటస్థలములో ఒక శనగగింజను పెట్టి సూర్యుడనుకొనవలెను. ఈ కొలతలో భూమి ఒక మీటరు దూరమున ఉండును; అది కంటికి ఆనీ ఆనని నలుసు. కుజుడు ఒకటిన్నర మీటరు, గ్రహశకల మేఖల రెండు మొదలు మూడు మీటర్లకు కొంచెము పైవరకు, గురుడు ఐదు మీటర్లు, నెప్ట్యూను 30 మీటర్ల దూరమున నుందురు. కైపర్ మేఖల 30 మొదలు 50 మీటర్ల వరకు. ఆటస్థలము ఇంతటితో సరిపోవును. ఊర్ట్ మేఘము మాత్రము కొలది కిలోమీటర్ల అవతల మొదలగును. పాఠశాల హైదరాబాదులో నున్నదనుకొన్నచో, అది చౌటుప్పలు దాటి నకిరేకల్లు దరిదాపులవరకు వ్యాపించును. మిక్కిలి సమీపమున నున్న మరియొక సూర్యునివంటి నక్షత్రము, అనగా రెండవ శనగగింజ, విజయవాడలో ఉండును.

ఇప్పుడు గింజనుండి సుమారు మూడు మీటర్ల దూరమున ఒక గీత గీయవలెను. సూర్యుడు పుట్టిన కాలమున చుట్టును తిరుగు వాయువు, దుమ్ము గల బిళ్ళలో ఆ గీతకు లోపల వేడిమిచే నీరు ఆవిరిగానే ఉండెను. రాయి, లోహము మాత్రమే గట్టిపడెను. గీతకు వెలుపల నీరు మంచై ముద్దలలో చేరెను. శాస్త్రజ్ఞులు దీనిని హిమరేఖ అందురు. గ్రహశకలములలో అధికభాగము దీనికి ఇటు ప్రక్కన లేదా సరిహద్దున పుట్టినవి. తోకచుక్కలు అటు ప్రక్కన, చాల దూరమున పుట్టినవి. రాయికి తోక మొలవదు. మంచుకు సూర్యుని వేడి తగిలిన మొలచును.

వెలుపల నున్న మంచుముద్దలలో పెద్దవి కొన్ని తమ బరువుచే గుండ్రనైనవి. 1930లో టాంబో కనుగొన్న ప్లూటో వానిలో నొకటి. దానికి అవతల 1992లో జూయిట్, లూ అను శాస్త్రజ్ఞులు మరియొక వస్తువును కనిపెట్టగా, ఆ తరువాత వేలకొలది బయటపడినవి. 2005లో ప్లూటోకు సరిసమానమైన ఎరిస్ బయటపడెను. 2006లో అంతర్జాతీయ ఖగోళసంఘము ప్లూటో, ఎరిస్‌లతో పాటు సెరిస్‌ను గూడ మరుగుజ్జు గ్రహములలో చేర్చినది. వీనికి గోళాకృతి కలదు. కాని తమ త్రోవను ఇతర వస్తువులు లేకుండ తుడిచివేయు శక్తి లేదు.

గోడ కాదు, వాలు

ఇంతవరకు పరీక్షకు సరిపోవు సమాధానము. అయితే ప్రకృతి ఈ గీతను అంత గట్టిగా గీయలేదు.

1977లో శని, యురేనస్‌ల మధ్య తిరుగు కైరాన్ అను వస్తువు దొరికినది. దానిని గ్రహశకలముల పట్టికలో 2060వ సంఖ్యతో చేర్చిరి. పదునొకండు పన్నెండు సంవత్సరములలో అది సూర్యునికి చేరువై, చుట్టును పొగ కమ్మినట్లు కనబడెను. వెంటనే తోకచుక్కల పట్టికలోను చేర్చవలసివచ్చెను. ఒకే వస్తువునకు నేడు రెండు పట్టికలలోను స్థానము కలదు. 1979లో గ్రహశకలముగా గుర్తింపబడి మేఖలలోనే బుద్ధిగా తిరుగుచున్న ఎల్స్ట్–పిజారో 1996లో తోకతో కనబడెను. మేఖల వెలుపలి అంచున, రాతిపొర క్రింద మంచు నిలిచియున్నదని అది తెలిపినది.

దీనికి విరుద్ధమైన వింతయు కలదు. స్టార్‌డస్ట్ నౌక విల్ట్ అను తోకచుక్క దుమ్మును 2006లో భూమికి తెచ్చినది. అందులో సూర్యునికి సమీపమున, తీవ్రమైన వేడిలో మాత్రమే ఏర్పడగల ఖనిజములు కనబడినవి. అనగా సౌరకుటుంబపు తొలిదినములలో లోపలి పదార్థము వెలుపలికి, వెలుపలిది లోపలికి కలిసిపోయినది. తోకచుక్కలు మంచంతయు ఖర్చయిన పిదప నల్లని ముద్దలై, గ్రహశకలములవలె తిరుగుటయు సంభవమే. కావున గ్రహశకలము, తోకచుక్క అనునవి గోడకు ఇరువైపుల నున్న రెండు జాతులు కావు. రాయి ఎక్కువైన కొననుండి మంచు ఎక్కువైన కొనవరకు సాగిన ఒకే వాలుపై వేర్వేరు చోట్లు.

ఈ భేదము తెలియుట ఎందులకు?

పేర్ల తగవుగా మాత్రమే దీనిని చూడరాదు. 2013 ఫిబ్రవరి 15 ఉదయమున రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరముపై సుమారు 20 మీటర్ల రాయి ఆకాశమున ప్రేలినది. వెలుగు చూచి జనులు కిటికీల వద్దకు పోయిరి. కొంత ఆలస్యముగా వచ్చిన గాలిదెబ్బకు అద్దములు పగిలి, సుమారు 1,500 మంది గాయపడిరి. మెరుపునకును గాలిదెబ్బకును నడుమ వ్యవధి యుండునని తెలిసియున్నచో ఎందరో అద్దములకు దూరముగా నిలిచెడివారు. సూర్యుని దిక్కునుండి వచ్చుటచే ఆ రాయిని ముందుగా ఎవరును చూడలేదు. మహారాష్ట్రలోని లోణార్ సరస్సు ఇట్టి దెబ్బకు నల్లరాతిలో ఏర్పడిన 1.8 కిలోమీటర్ల గుంట. 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట మెక్సికో తీరమున పడి రాక్షసిబల్లుల అంతమునకు కారణమైన వస్తువు తోకచుక్కయా, గ్రహశకలమా అన్న వివాదము చాలకాలము సాగినది. నాటి మట్టిపొరలోని రుథీనియము పాళ్లను పరీక్షించి, అది కర్బనజాతి గ్రహశకలమని 2024లో ఒక పరిశోధకబృందము ప్రకటించినది.

రక్షణోపాయము వస్తువును బట్టి మారును. గ్రహశకలము చిన్న కక్ష్యలో మరల మరల చుట్టును గనుక, ఒకసారి లెక్కకు వచ్చినచో దాని రాకను దశాబ్దముల ముందే చెప్పవచ్చును; మెల్లగా త్రోవ మళ్ళింపవచ్చును. 2022 సెప్టెంబరు 26న డార్ట్ నౌక సుమారు 160 మీటర్ల డైమార్ఫస్‌ను ఢీకొట్టగా, తన జంటను అది చుట్టు కాలము 11 గంటల 55 నిమిషములనుండి 11 గంటల 23 నిమిషములకు తగ్గెను. అది వదులైన రాళ్లకుప్ప యగుటచే వెనుకకు చిమ్మిన రాళ్లు గూడ తోపునకు బలము చేర్చినవి. ఊర్ట్ మేఘమునుండి వచ్చు తోకచుక్క అంత వ్యవధి నీయదు. 2013 జనవరిలో కనబడిన సైడింగ్ స్ప్రింగ్ తోకచుక్క 2014 అక్టోబరు 19న కుజునికి కేవలము సుమారు 1,40,000 కిలోమీటర్ల దూరమున దూసుకొనిపోయెను. అంతకు నెలముందే కుజుని చేరిన మన మంగళయాన్‌ను ఆ దుమ్ము తగులకుండ కుజుని చాటునకు జరిపిరి.

భూమిపై నీరు ఎచ్చటిదన్న ప్రశ్నయు దీనితో ముడిపడియున్నది. మంచుముద్దలైన తోకచుక్కలే నీరు తెచ్చియుండునని తలచుట సహజము. కాని రోసెట్టా పరీక్షించిన తోకచుక్క నీటిలో బరువు ఉదజని పాలు సముద్రజలములోని దానికి మూడురెట్లుండెను. వేరు కొన్ని తోకచుక్కలలో ఆ పాలు సముద్రజలమునకు దగ్గరగా నున్నది. 2023 సెప్టెంబరులో భూమికి చేరిన బెన్ను గ్రహశకలపు మట్టి 121.6 గ్రాములలో నీటితో ఏర్పడిన బంకమట్టి ఖనిజములు, కర్బన పదార్థములు కలవు. కావున కర్బనజాతి గ్రహశకలములకు ఇందు పెద్దపాలు గలదని పలువురి అభిప్రాయము. గ్లాసులోని నీటి పుట్టుక తెలియవలెనన్నను ఈ చిన్న వస్తువుల జాతి తెలియవలసినదే.

ఉపాధ్యాయులు తరగతిలో చెప్పుటకు సంగ్రహముగా నిట్లు చెప్పవచ్చును. గ్రహశకలము ఎక్కువగా రాయి, లోహము. కుజ గురుల మధ్య దాని నివాసము. తోకచుక్క ఎక్కువగా మంచు, దుమ్ము. నెప్ట్యూనునకు అవతల దాని నివాసము. సూర్యుని చేరువలో మాత్రమే దానికి తోక. రాలుచుక్క గాలిలో కాలు రేణువు మెరుపు. నేలను చేరినది ఉల్కాశిల. ఆ పైని, ఈ గీతలను దాటిన కైరానువంటి వానిని గూర్చి ఒక మాట చెప్పినచో విద్యార్థికి శాస్త్రము కంఠపాఠము కాదని తెలియును.

డిసెంబరు 13, 14 రాత్రులందు మిథునరాశి నుండి వెలువడు రాలుచుక్కలను చూచుటకు దూరదర్శిని అక్కరలేదు. దీపములు లేని చోటు, కంబళి, ఓర్పు చాలును. ఆగస్టు నెల ఉల్కలను వానకాలపు మబ్బులు మరుగుపరచును గాని, డిసెంబరు ఆకాశము తెలుగునాట చాలవరకు నిర్మలము. ఈ ఉల్కల దుమ్ము తోకచుక్కది కాదు. 1983లో కనుగొనబడిన ఫేథాన్ అను వస్తువుది. సుమారు 17 నెలల కొకసారి బుధుని కక్ష్యకు లోపలగా సూర్యుని చుట్టివచ్చు ఆ వస్తువు చూపునకు గ్రహశకలము. దుమ్ముదారిని విడుచుటలో తోకచుక్క. ఒకనాడు మంచు గలదియై ఎండిపోయినదో, లేక సూర్యుని వేడికి రాయియే బీటలువారి పొడియగుచున్నదో శాస్త్రజ్ఞులు ఇంకను విచారించుచున్నారు. కళ్ళములో కావలియున్న రైతు కంటికి మెరసిన గీత ఆ తీరని ప్రశ్ననుండి రాలిన రేణువే.